ముద్రాచిత్రమునకుఁ గర్త యెవఁడు?

2023 డిసెంబరు 5వ తేదీని మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతఁ దీరము దాఁటెను. అట్టి దినములలో మా సత్తెనపల్లి ప్రాంతమున మిరపచేలు, పత్తిచేలు గలవారు చేతిలోని ఫోనునందు మాటిమాటికి నొక చిత్రమును జూచుచుందురు: సముద్రముపైఁ దిరుగు తెల్లని సుడి. దానినెవఁడును గుంచెతో వ్రాయలేదు. ఉపగ్రహము మేఘముల పైభాగపు వేఁడిని గొలుచును. ఆ కొలత యంకెయగును. అంకెకొక రంగు నియమింపఁబడును. ఇట్టి చిత్రమునకుఁ గర్త యెవఁడు? నేఁడు కంప్యూటరుపైఁ జిత్రములు కల్పించు యువకులను 'ఇది యంత్రము చేసినదే కదా' యని తేలికచేయుట తఱచు వినఁబడుచున్నది. కావున నీ ప్రశ్న విచారణీయము.

ఇందులకు జలమును విషయముగాఁ గొన్న యొక తెలుఁగుశిల్పి పని మనకు సహాయపడును. కృష్ణారెడ్డి 1925లోఁ జిత్తూరు మండలమున జన్మించి, శాంతినికేతనమున నందలాల్ బోసు కడఁ జదివి, లండనులోని స్లేడ్ కళాశాలకును, పిమ్మటఁ బారిసునందు హేటరు నడపిన అతెలియే-17 అను ముద్రణశాలకును జేరెను. 1972లోఁ బద్మశ్రీ బిరుదము నందెను. 2018లో న్యూయార్కునఁ గీర్తిశేషుఁడయ్యెను. 'సుడిగుండము', 'తరంగము' అను నర్థముగల పేళ్లతో నతఁడు 1963లోఁ జేసిన ముద్రాచిత్రములు ప్రసిద్ధములు.

రంగుల ముద్రణమున సామాన్యముగా రంగునకొక ఫలకము కావలయును. అతఁడు సహచరులతోఁ గూడి పెంపొందించిన పద్ధతికి నొక్క ఫలకమే చాలును. లోహఫలకమును ఆమ్లముచేతను, పనిముట్లచేతను వేర్వేఱు లోఁతులుగాఁ జెక్కుదురు. మొదట గాడులలో సిరా నింపి పైపైనఁ దుడుతురు. పిదప నూనె యెక్కువగాఁ గలిపిన పలుచని రంగును గట్టి రోలరుతోఁ బూయుదురు. అది మిట్టలకే యంటును. తరువాత జిగటరంగును మెత్తని రోలరుతోఁ బూయఁగా నది పల్లములకు దిగును. పలుచని రంగున్న మిట్టలు దానిని జేరనీయవు. తడికాగితము పఱచి యంత్రమున నొక్కమాఱు నొక్కినంతనే వర్ణములన్నియు నొకేసారి ముద్రితములగును.

ఇచట రంగులను వేఱుపఱచినది చేయి కాదు, రంగుల స్వభావమే. అట్లైన సిరాయే కర్తయా?

వ్యాకరణమునఁ గారకములు వివక్షాధీనములు. 'దేవదత్తుఁడు కుండలో వండుచున్నాఁడు' అన వచ్చును. 'కుండ వండుచున్నది' యనియు నన వచ్చును. రెండవ వాక్యమున నధికరణమే కర్తయైనది. అయినను దేవదత్తుఁడున్నచోఁ గుండ స్వతంత్రము గాదు; స్వతంత్రుఁడే కర్త యని పాణిని మతము. కుండను బొయ్యిపై నెక్కించువాఁడును, దించువాఁడును దేవదత్తుఁడే. అట్లే యెంత లోఁతు చెక్కవలెనో, యెంత నూనె కలుపవలెనో నిర్ణయించినవాఁడు కృష్ణారెడ్డి. సిరా తన స్వభావముచేత విడివడినను, ఆ స్వభావము నెఱిఁగి దానికిఁ జోటిచ్చినది యతని స్వాతంత్ర్యము.

అంకెల చిత్రమునకును న్యాయమిదియే. తుపాను కొలతలను గైకొని యొక యువకుఁడు ముద్రాచిత్రమును జేసెనేని, ఏ యంకెను గ్రహించెను, దేనిని విడిచెను, ఏ రంగును నిరాకరించెను అని యడుగవలెను. యంత్రమిచ్చినదానిని యథాతథముగా నంగీకరించినచో నతఁడు కరణమాత్రుఁడు. తడిసిన పత్తిచేనిని దలఁచి యొక్క రంగునైనను మార్చెనా, యతఁడు కర్త. ఆ యువకుని జూచి యంత్రము చేసినదనుట 'కుండ వండుచున్నది' యనుట వంటిదే. మాట సాధువే, కాని యన్నము పెట్టినవానిని మఱచుట యగును.