ఎడారినుండి ఉష్ణమండలమునకు

ఆస్ట్రేలియా పటమును ముందుంచుకొని, ఆగ్నేయమున నున్న మెల్‌బోర్న్ నగరమునుండి ఉత్తరమున కార్పెంటేరియా సింధుశాఖ వరకు ఒక గీత గీయుడు. ఆ గీత మొదట సమశీతోష్ణ భూములను, పిదప ఎడారిని, ఆపైన ఉష్ణమండలపు గడ్డిమైదానములను దాటి, సముద్రతీరమున మడ అడవులలో ముగియును. నడచి పోవు దారి సుమారు 3,250 కిలోమీటర్లు. 1861లో నలుగురు మనుష్యులు ఈ దారి కొసను చేరిరి. తిరిగి మెల్‌బోర్న్ చేరినవాడు ఒక్కడే. మరణించిన ముగ్గురిలో ఇద్దరు దాహముచేత చావలేదు. దారి తప్పియు చావలేదు. నీరున్న ఏటి ఒడ్డున, దినదినము తిండి తినుచునే కృశించి మరణించిరి. అందులకు గల కారణమును విజ్ఞానశాస్త్రము కనుగొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. కాని ఆ ఏటి ఒడ్డున నివసించు ప్రజలకు ఆ తిండిని ఎట్లు తినవలెనో తరతరములుగా తెలియును.

ఒకే ఖండము, రెండు వాతావరణములు

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, చల్లబడి, తనలోని తేమను వానగా విడుచును. తేమ పోగొట్టుకొన్న ఆ గాలి ధ్రువముల దిక్కుగా సాగి, భూమధ్యరేఖకు ఇరువైపుల సుమారు 30 డిగ్రీల అక్షాంశముల దగ్గర క్రిందికి దిగును. దిగునప్పుడు ఒత్తిడి హెచ్చి మరల వేడెక్కును. అట్టి పొడిగాలిలో మేఘములు కట్టుట అరుదు. సహారా, అరేబియా, ఆస్ట్రేలియా ఎడారులు ఏర్పడుటకు ఇది ముఖ్యకారణము.

ఉత్తర ఆస్ట్రేలియా సంగతి వేరు. మనకు చలికాలమైన నెలలలో సూర్యుడు దక్షిణార్ధగోళముపై నిలుచును. అప్పుడు అచ్చటి నేల కాగి, సముద్రమునుండి తడిగాలులు లోనికి వీచును. మనకు జూనులో ఋతుపవనములు వచ్చినట్లే, అచ్చట డిసెంబరు మొదలు మార్చి వరకు వానకారు. కనుక ఈ దారిలో ఎంత దూరము నడువవలెనో తెలిసినంత మాత్రమున చాలదు. ఏ నెలలో ఎచ్చట నుండవలెనో కూడ తెలియవలెను.

బర్క్, విల్స్ యాత్ర

1860 ఆగస్టు 20న మెల్‌బోర్న్ నుండి ఒక పెద్ద యాత్రికదళము బయలుదేరెను. దానికి నాయకుడు రాబర్ట్ ఒహారా బర్క్ అను పోలీసు అధికారి. విలియం జాన్ విల్స్ భూమి కొలతలు, నక్షత్రముల గణనము తెలిసిన యువకుడు. దళమునందు 19 మంది మనుష్యులు, గుఱ్ఱములు, బండ్లు, 26 ఒంటెలు ఉండెను. ఈ ఒంటెలలో ఎక్కువ భాగము అప్పటి హిందూదేశమునుండి కరాచీ రేవు మీదుగా ఓడలో వచ్చినవి. వానితో ఒంటెలను తోలువారును, జాన్ కింగ్ అను యువకుడును వచ్చిరి. కింగ్ అంతకుముందు హిందూదేశమున సైన్యములో పని చేసినవాడు.

మెనిండీ అను చోటినుండి కొంత దూరము స్థానికులు దారి చూపిరి. నవంబరులో దళములోని ఒక భాగము కూపర్ ఏటిని చేరెను. ఈ ఏరు సముద్రమునకు పోదు. ఉత్తరపు వానలనుండి నీరు తెచ్చుకొని ఎడారి మధ్యనున్న ఐర్ సరస్సు వైపు ప్రవహించును. వాన లేని ఏండ్లలో పారకపోయినను లోతైన మడుగులలో నీరు నిలిచియుండును.

మరియొక యాత్రికుడు తనకంటె ముందుగా ఉత్తరతీరమును చేరునేమో అను తొందర బర్క్‌నకు ఉండెను. అందుచేత వెనుకవచ్చువారికొఱకు ఆగక, డిసెంబరు 16న, నడివేసవిలో, విల్స్, కింగ్, చార్లెస్ గ్రే అను ముగ్గురితో ముందుకు సాగెను. ఆరు ఒంటెలు, ఒక గుఱ్ఱము, మూడు నెలల వెచ్చములు వారి సామగ్రి. ఈ నలుగురిలో ఆ ప్రాంతపు మనిషి ఒక్కడును లేడు.

ఫిబ్రవరిలో వారు సింధుశాఖను సమీపించిరి. సరిగా వానలు నిండుగా కురియు కాలమది. ఇసుకపై తేలికగా నడచు ఒంటె పాదము బురదలో జారును. ఏటిలోని నీరు ఉప్పగా నుండి, ఆటుపోట్లకు హెచ్చుచు తగ్గుచుండెను. సముద్రము దగ్గరనే ఉన్నదని తెలిసినను మడ అడవులును, రొంపియు అడ్డగించుటచే దానిని కంట చూడకయే వెనుదిరిగిరి.

మూడు నెలల వెచ్చములతో పోయినవారు తిరిగి వచ్చుటకు నాలుగు నెలలు దాటెను. దారిలో ఏప్రిల్ 17న గ్రే మరణించెను. అతనిని పూడ్చుటకు ఒక దినము ఆగిరి. ఏప్రిల్ 21 సాయంకాలము కూపర్ ఏటి మజిలీని చేరునప్పటికి అచ్చట ఎవరును లేరు. నాలుగు నెలలు కాచుకొనియున్నవారు ఆనాటి ఉదయమే వెళ్లిపోయిరి. చెట్టుపై ‘త్రవ్వుము’ అను అర్థమిచ్చు అక్షరములు చెక్కబడి యుండెను. త్రవ్వగా కొద్దిపాటి ఆహారము దొరికెను.

నార్డూ పిండి

ఆ ఆహారమును అయిపోయెను. అప్పుడు వారిని ఆదరించినవారు ఆ ఏటివెంట నివసించు యాండ్రువాంధా ప్రజలు. వారు చేపలను ఇచ్చిరి. నార్డూ అను మొక్క కాయల పిండితో చేసిన తిండిని పెట్టిరి. కాని బర్క్ వారిని నమ్మలేదు. ఒకసారి బెదరించుటకు తుపాకి కూడ పేల్చెను. వారు దూరముగా పోయిరి. యాత్రికులు తామే నార్డూ కాయలను ఏరి, పిండి చేసుకొని తినసాగిరి.

నార్డూ పువ్వులు పూయని ఫెర్న్ జాతికి చెందిన నీటిమొక్క. దీనికి దగ్గర బంధువులు మన వరిచేలలోను, చెరువుల అంచులలోను కనబడును. పులిచింతాకునకు ఆకుపై మూడు రేకులుండగా వీనికి నాలుగుండును. సిద్ధబీజములుండు గట్టికాయలు కాడ మొదట్లో ఏర్పడును. నార్డూ కాయలలో పిండి పదార్థము కలదు.

ఈ పిండిని తినుచునే విల్స్ దినదినము నీరసించెను. ఆకలి తీరుచున్నది, తిండి రుచించుచున్నది, అయినను బలము రాలేదని అతడు దినచర్యలో వ్రాసుకొనెను. చివరిసారి వ్రాసినప్పుడు తన నాడి నిమిషమునకు 48 మాత్రమే కొట్టుకొనుచున్నదనియు, కాలుసేతులు చర్మమును ఎముకలునై మిగిలినవనియు తెలిపెను. కొలది దినములలో అతడును, బర్క్‌ను మరణించిరి.

కారణము ఏమి?

నార్డూలో థయమినేజ్ అను ఎన్జైము విరివిగా కలదు. ఇది థయమిన్‌ను, అనగా బి-1 విటమిన్‌ను, విరుగగొట్టును. పిండి పదార్థములనుండి శక్తిని తీయుటకు శరీరమునకు ఈ విటమిన్ అవసరము. అది కొఱవడినచో నరములును, గుండెయు చెడి బెరిబెరి అను వ్యాధి కలుగును. పంతొమ్మిదవ శతాబ్దమున మన ఉత్తర సర్కారు జిల్లాలలో ఇది ప్రబలి యుండెను. తవుడు పూర్తిగా పోయిన బియ్యము ఇట్టి వ్యాధికి దారితీయును. అచ్చట విటమిన్ అన్నములోనే ఉండదు; ఇచ్చట ఉన్న విటమిన్‌ను తిండియే హరించును. ఫలము ఒక్కటే.

ఆ యాత్రికుల మరణమునకు థయమిన్ లోపమే కారణమై యుండునని 1994లో ‘నేచర్’ పత్రికలో ఇరువురు శాస్త్రజ్ఞులు వివరించిరి. నార్డూ మేసిన గొఱ్ఱెలకు మెదడు జబ్బు కలుగుట కూడ ఆస్ట్రేలియాలో గమనింపబడినది. ఆకలి, ఇతర పోషకముల లోపము, అలసట కూడ యాత్రికులను క్రుంగదీసియుండును.

మరి యాండ్రువాంధా ప్రజలు అదే నార్డూను తిని ఎట్లు బ్రతికిరి? వారు కాయలను రాళ్లమధ్య నీరు ధారాళముగా పోయుచు నూరి, పలుచని జావవలె చేసి తినెడివారు. నీటిలో ఎన్జైము పలుచబడి, దాని పని మందగించును. యాత్రికులు పొడిపిండిని రొట్టెగాను, గంజిగాను చేసుకొనిరి; అందువలన ఎన్జైము తగినంత తొలగలేదు. పైగా యాండ్రువాంధా ప్రజలు నార్డూపైననే ఆధారపడలేదు. చేపలు మొదలగువానినుండి వారికి థయమిన్ లభించుచుండెను. యాత్రికులు ఆ వంటలోని వస్తువును మాత్రము తీసికొని, చేయు పద్ధతిని విడిచిరి.

మిగిలిన ఒక్కడు

కింగ్ ఒంటరిగా మిగిలి, యాండ్రువాంధా ప్రజలను వెదకికొనుచు పోయెను. వారు అతనికి తిండి పెట్టి, తమలో ఒకనివలె ఉంచుకొనిరి. 1861 సెప్టెంబరు 15న ఆల్‌ఫ్రెడ్ హోవిట్ నాయకత్వమున వెదకవచ్చిన దళము అతనిని అచ్చటనే ప్రాణములతో కనుగొనెను. కాని అతని ఆరోగ్యము పూర్తిగా కోలుకొనలేదు. 1872లో, చిన్నవయసులోనే క్షయచే మరణించెను.

దిక్సూచి ఏ దిక్కునకు నడువవలెనో చెప్పును. విల్స్ గణనములు వారిని ఎడారిని దాటించి, ఉత్తరతీరమునకు చేర్చి, సరిగా అదే చెట్టుదగ్గరకు మరల తెచ్చినవి. మడుగులో నీరు ఎప్పుడుండునో, వానలు ఎప్పుడు దారిని మూయునో, ఏ కాయను ఎట్లు నూరి తినవలెనో చెప్పుటకు ఆ నేలపై పుట్టి పెరిగినవారు కావలెను. నలుగురిలో అట్టివారి వెంట నడచిన కింగ్ ఒక్కడే ఇల్లు చేరెను.