ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు క్లాసు

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి మళ్ళీ ఇంగ్లీషు క్లాసు ఎందుకూ అని మీకు అనిపించవచ్చు. కిందటేడు అమెరికాలో మా అక్కయ్య ఇంట్లో నెల్లాళ్ళు ఉన్నాను. ఆ ఊరి కమ్యూనిటీ కాలేజీలో విదేశీ విద్యార్థులకు సంభాషణ నేర్పే తరగతి ఉందంటే, టీచరుగారి అనుమతి తీసుకుని వెనక వరుసలో కూర్చున్నాను. పై స్థాయి తరగతి అది. గ్రామరూ స్పెల్లింగులూ అన్నీ అయినవాళ్ళే. కొరియా, బ్రెజిల్, వియత్నాం, సౌదీ అరేబియా దేశాలవాళ్ళు. మన గుంటూరు వైపు అమ్మాయి ఒకతె.

టీచరు పాఠమేమీ చెప్పలేదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. "ఇక్కడ కూర్చుంటే మీకేమైనా అభ్యంతరమా?" అనడానికి వాళ్ళు "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అంటారు. కూర్చోమని చెప్పాలంటే "నో" అనాలి. మన అమ్మాయి మర్యాదగా నవ్వి "యెస్, యెస్" అంది. అంటే కూర్చోవద్దన్నట్టే!

అమ్మాయికి ఇంగ్లీషు రాక కాదు సుమండీ. తెలుగులో "ఆయన రాలేదా?" అని అడిగితే "అవును, రాలేదు" అంటాం. ఎదుటివారి మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం కదా! ఇంగ్లీషులో అలా కాదు. వస్తే యెస్, రాకపోతే నో, అడిగినవారు ఎలా అడిగినా సరే. కొరియా, జపాను భాషలు ఈ విషయంలో మన దారే. అందుకే కొరియా కుర్రాడూ మన పిల్లా ఒక్కచోటే తడబడ్డారు. డాక్టరు "మీరు మందులేమీ వాడటం లేదు కదా?" అంటే, వాడని మనిషి "యెస్" అందనుకోండి. ఆయన ఏమని రాసుకోవాలి? ఉట్టి యెస్, నో అని ఊరుకోకుండా "నో, ఐ యామ్ నాట్" అని వాక్యం పూర్తిచెయ్యమన్నారు టీచరు.

ఇంకోటి. మన బళ్ళలో "ఐ హావ్ ఎ డౌట్" అంటే ఒక ప్రశ్న ఉందని. అక్కడ డౌటంటే అపనమ్మకం, మీరు చెప్పింది నమ్మనన్నట్టు! "మీ దేశంలో అది తప్పు కాదు, ఇక్కడ వేరేగా వినపడుతుంది" అన్నారావిడ. ఆ మాట నాకు నచ్చింది.

అందరూ కలిసి చర్చించేటప్పుడు బ్రెజిల్ అమ్మాయి గలగలా అందుకునేది. మనమ్మాయి ఎవరైనా ఆగుతారేమోనని చూస్తూనే ఉంది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని పెంచింది మనమేగా! అక్కడ చాలా కోర్సుల్లో క్లాసులో మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి. నోరు తెరవకపోతే చదివిన చదువంతా లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న వేశాక టీచరు మాత్రం తొందరపడకుండా ఆగేవారు. 1970లలో మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికా బళ్ళలో సైన్సు పాఠాలు పరిశీలించి, టీచర్లు ప్రశ్న వేసి ఒక్క సెకను ఆగడమే ఎక్కువని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగ్గా వచ్చాయి, మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. ఈ క్లాసులోనూ అలా ఆగినప్పుడే మన అమ్మాయి గొంతు వినబడింది.

మీ ఇంట్లో పైచదువులకి వెళ్ళబోయే పిల్లలుంటే, ఊరగాయలు ప్యాకింగ్ చేసేలోగా రెండు వాక్యాలు పైకి అనిపించండి. మధ్యలో అందుకోవడానికి "మే ఐ యాడ్ సమ్‌థింగ్?", అర్థం కానప్పుడు "కుడ్ యూ సే దట్ అగైన్, ప్లీజ్?". రెండోది చెప్పడానికే మనవాళ్ళు ఎక్కువ మొహమాటపడతారు.