పాచి పట్టే ఊళ్లో పాలరాయి

విక్టోరియా మెమోరియల్ చూడ్డానికి వెళ్లినవాళ్లు తెల్లటి గుమ్మటం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ తెలుపును కాపాడుకోవడం ఎంత పనో తెలియాలంటే కోల్‌కతా వానాకాలాన్ని చూడాలి. 1906లో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేసి, 1921లో ప్రారంభమైన ఈ కట్టడానికి పాలరాయి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి వచ్చింది. వాన అరుదుగా పడే నేలలో పుట్టిన రాయి, ఏటా 1,600 మిల్లీమీటర్లకు పైగా కురిసే ఊళ్లో కాపురం పెట్టింది. హైదరాబాద్‌లో కురిసేదానికి ఇది దాదాపు రెట్టింపు.

నగరంలో రాతి మోజు అంతకుముందే ఉంది. ఉత్తర కోల్‌కతా ముక్తారాంబాబు వీధిలో రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించిన మార్బుల్ ప్యాలెస్ నేలంతా రకరకాల పాలరాళ్లే. తోటలో ఫౌంటెన్, రాతి సింహాలు. డాబా మీద నాలుగు బండలు పరిచి, కుండీల మధ్య చిన్న బొమ్మ పెట్టుకున్న ఇవాళ్టి గృహస్థుకూ ఆ సంపన్నుడికీ శత్రువులు మాత్రం ఒకరే: నీరు, పాచి, మసి. వీటికి తోడు, శుభ్రం చేయబోయి మనం పోసే యాసిడ్.

పాలరాయి అంటే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారిన సున్నపురాయి. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. మన ఇళ్లలో పరిచే కడప, తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలదీ సున్నపురాయి వంశమే. బాత్‌రూమ్ కడగడానికి కొట్లో అమ్మే యాసిడ్ వీటి మీద పడగానే నురగ వస్తుంది. మురికి పోతోందని సంబరపడతాం కానీ, కరిగిపోతున్నది రాయి. నునుపు పోయి గరుకు తేలిన చోట మురికి ఇంకా తొందరగా పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ సంగతి వేరు. దాంట్లో ఉండేవి ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ వంటి గట్టి ఖనిజాలు.

ఇంట్లో ఉన్నది ఏ జాతి రాయో తెలియకపోతే నిమ్మకాయ చెబుతుంది. కనపడని మూల ఒక చుక్క రసం వేసి, కాసేపాగి తుడవాలి. బుడగలు వచ్చినా, మెరుపు పోయి మచ్చ మిగిలినా అది సున్నపురాయే. ఇక దానికి నిమ్మ, వెనిగర్, యాసిడ్ దూరం. గోరువెచ్చని నీళ్లలో ఘాటులేని సబ్బు, మెత్తటి బ్రష్ చాలు.

గాలి కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. బొగ్గు, డీజిల్ పొగల్లోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి పాలరాయి పైపొరను జిప్సంగా మారుస్తుంది. అందులో మసి ఇరుక్కుని నల్లటి పెచ్చు కడుతుంది. వాన నేరుగా తగలని చూరు కింద, చెక్కడాల మడతల్లో ఇది ఎక్కువ. అందుకే మెమోరియల్ చుట్టూ ఉన్న మైదాన్ గాలి కోర్టుల దాకా వెళ్లింది. అక్కడ ఏటా జరుగుతూ వచ్చిన పుస్తక ప్రదర్శనకు 2007లో కలకత్తా హైకోర్టు పర్యావరణ కారణాలతో అడ్డు చెప్పింది. ప్రదర్శన సాల్ట్‌లేక్ స్టేడియానికి మారింది.

పసుపు తిరిగిన తాజ్‌మహల్‌కు పురావస్తు శాఖ చేసే వైద్యం ముల్తానీ మట్టి. ముఖానికి ప్యాక్ వేసినట్టు గోడలకు పట్టించి, ఆరాక కడిగేస్తారు. మట్టి ఆరుతూ రంధ్రాల్లోని మురికిని పైకి లాగుతుంది. డాబా బండ మీద ఆవనూనె ఒలికినా ఇదే చిట్కా. మట్టిని ముద్దగా కలిపి మచ్చ మీద మందంగా పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రోజు ఉంచాలి. కాగితం తీసి పూర్తిగా ఆరనిచ్చి తీసేయాలి. మచ్చ పాతదైతే రెండు మూడు సార్లు చేయాలి. పసుపు మరకకు అంత శ్రమ అక్కర్లేదు. పసుపులోని రంగు వెలుతురుకు విరిగిపోతుంది కనుక, ఎండ తగిలే చోట అదే పలచబడుతుంది.

పాచికి మందు బ్లీచింగ్ పౌడరే అనుకుంటారు. పలచగా కలిపి చల్లి, రుద్ది, బాగా కడిగితే పోతుంది నిజమే. దాన్ని యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అయితే నీళ్లు నిలిచినంతకాలం పాచి మళ్లీ వస్తూనే ఉంటుంది. అసలు పని మేస్త్రీ చేతిలో ఉంది. బండలు పరిచేటప్పుడే మీటరుకు సెంటీమీటరున్నర చొప్పున వాటం ఇస్తే నీరు తూము దారి పడుతుంది. కుండీలను కాళ్ల స్టాండు మీద పెడితే కింద తడి ఆరుతుంది. ఇనుప స్టాండైతే కాళ్లకు రబ్బరు తొడుగులు వేయాలి, లేకపోతే తుప్పు మరక రాతిలోకి దిగుతుంది.

బండల సందుల్లో మొలిచే రావి మొక్కను తేలిగ్గా తీసుకోకూడదు. 1767లో మొదలైన కోల్‌కతా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో, 1794లో చనిపోయిన సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధితో సహా ఎత్తయిన కట్టడాలన్నీ పచ్చదనం మధ్యే నిలబడ్డాయి. ఇటుకతో కట్టి గచ్చు పూసిన ఇలాంటి కట్టడాల్లో వేరు లోపలికి దిగితే గోడ చీలుతుంది. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయాలి. పైన కోసి వదిలితే మళ్లీ చిగురిస్తుంది.

రాతికి నీరు ఇంకకుండా సీలర్ పూయించాలనుకునేవారు దుర్గాపూజకు ముందు హడావుడి పడనక్కర్లేదు. తడి రాయి మీద పూస్తే తేమ లోపలే చిక్కుకుని తెల్లటి మరకలు కడతాయి. వానలు వెళ్లి, బండలు లోపలిదాకా ఆరే డిసెంబరు, జనవరి నెలలు కోల్‌కతాలో ఆ పనికి అనువైనవి. పూశాక గుప్పెడు నీళ్లు చల్లి చూడాలి. చుక్కలు పూసల్లా నిలిస్తే సీలర్ పట్టినట్టు. రాయి రంగు ముదిరి తడిని తాగేస్తుంటే ఇంకో పూత వేయాలి.