తెప్పయు కెరటమును

సముద్రమును మొదటిసారి చూచినవారు దాని లోతునకును వైశాల్యమునకును వెరగుపడుదురు. ఒడ్డు కనబడని నడికడలిలో మనుష్యులు ఎట్లు తిరుగుదురో యని వారికి భయము కలుగును. కాని కడలిని నమ్మి బ్రదుకు జాలరిని అడిగి చూడుడు. తనకు అన్నిటికంటె ఎక్కువ జంకు పుట్టించునది ఇసుకను ఆనుకొనియున్న నూరు, నూటయేబది గజముల నీరే యని అతడు చెప్పును. ఆ కొద్దిదూరమును దాటి లోనికి పోవుటయు, మరల దానినే దాటి ఒడ్డు చేరుటయు అతని విద్యలో పెద్దపాలు.

ఆంధ్రప్రదేశమునకు ఇచ్ఛాపురము మొదలుకొని తడ వఱకు సుమారు వేయి కిలోమీటర్ల తీరము కలదు. విశాఖపట్టణము, కాకినాడ, నిజాంపట్టణము వంటి చోట్ల పడవలు నిలుచుటకు రేవులు ఉన్నవి. తక్కిన తీరమందలి పల్లెలలో పెక్కింటికి ఇసుకయే రేవు. తెల్లవారుజామున తెప్పను ఇసుకమీదినుండి నీటిలోనికి త్రోయవలెను; వేట ముగిసిన పిమ్మట మరల ఇసుకమీదికి లాగుకొనవలెను. మాఘ ఫాల్గుణ మాసములలో సముద్రము నిదానముగా నున్నపుడు ఇది పిల్లల ఆటవలె కనబడును. ఆషాఢ శ్రావణములలో చూచినగాని దీని కష్టము తెలియదు.

1986వ సంవత్సరమున నేను భీమునిపట్టణమునకు సమీపముననున్న యొక తీరగ్రామములో తెలుగు పండితుడుగా పనిచేయుచుంటిని. నా తరగతిలో సగముమంది జాలరుల బిడ్డలే. ఆషాఢమాసమున నొక ఆదివారమునాడు తెల్లవారకముందే వారిలో నొకడు నా తలుపు తట్టెను. “మేష్టారూ! మా తాత తెప్ప దింపుతున్నాడు. చూద్దురుగాని రండి” అని పిలిచెను. నాలుగు దినములుగా ఆ ఊర ఎవరును వేటకు పోలేదు. బంగాళాఖాతము ఉత్తరభాగమున పుట్టిన వాయుగుండము ఒడిస్సా తీరమును దాటిపోయినది. గాలి తగ్గినది, వాన వెలిసినది. కాని కెరటములు మాత్రము తగ్గలేదు.

గాలి ఆగినను కెరటము ఎందులకు ఆగదు? కెరటమనగా నీరు పరుగెత్తి వచ్చుట యని మనము అనుకొందుము. లోతైనచోట అట్లు జరుగదు. వరిచేనిమీద గాలి వీచినపుడు వెన్నులు వంగి లేచుచుండును. ఏ మొక్కయు తన చోటు విడువదు. ఆ వంపు మాత్రము చేను ఈ గట్టునుండి ఆ గట్టు వఱకు సాగిపోవును. కెరటమును అట్టిదే. ఎక్కడనో గాలి నీటికిచ్చిన బలము దానిలో దాగి ప్రయాణము చేయును. మనతీరమునకు వచ్చు కెరటములలో కొన్ని వేలకొలది కిలోమీటర్ల దూరముననున్న దక్షిణ మహాసముద్రపు గాలులకు పుట్టినవి. ఆకాశము నిర్మలముగా నుండి, ఆకు కదలకున్న దినమునగూడ పెద్ద కెరటములు వచ్చి ఒడ్డును మోదుటకు కారణమిదియే.

అట్టి కెరటము తీరమును సమీపించినపుడు దాని అడుగుభాగమునకు నేల అడ్డు తగులును. నడక మందగించును. వెనుకటి కెరటము దానిని తరుముకొని వచ్చును; నడుమ ఎడము తగ్గును; ఎత్తు పెరుగును. నీటి లోతు కెరటపు ఎత్తునకు ఇంచుమించు ఒకటింబావు రెట్లు మాత్రమే మిగిలినచోట దాని శిరస్సు ముందుకు తూలి విరిగి పడును. రెండు మీటర్ల కెరటము సుమారు రెండున్నర మీటర్ల లోతున విరుగునన్నమాట. విరిగిన క్షణమునుండి మాత్రము నీరు నిజముగానే పరుగెత్తును. ఒక ఘనమీటరు సముద్రజలము వేయి కిలోగ్రాములకు పైగా తూగును. అంతటి బరువు మీదపడినచో తెప్పయేమి, మనిషియేమి!

మేము పోవునప్పటికి ఒడ్డున మూడు తెప్పలు సిద్ధముగా నుండెను. నీటి అంచున ఆ ముసలి జాలరి నిలిచి సముద్రమువైపు చూచుచుండెను. ఒక గడియసేపు అతడు పలుకలేదు. ఎందులకు ఆలస్యమని నేను అడుగగా, “ఇప్పుడు కాదు మేష్టారూ. గంగమ్మ కొంచెం ఊపిరి తీసుకోవాలి” అనెను. అతడు నిలిచినది ప్రార్థన చేయుటకని నేననుకొంటిని. కొంతసేపటికిగాని అతడు లెక్కించుచున్నాడని నాకు తెలియలేదు.

కెరటములు అన్నియు ఒక్కయెత్తున రావు. ఒకేకాలమున రెండుమూడు జాతుల కెరటములు కలిసి వచ్చుచుండును. ఒకదాని శిఖరము మరొకదాని శిఖరముతో కలిసినపుడు పెద్ద కెరటములు వరుసగా నాలుగైదు లేచును. శిఖరము పల్లముతో కలిసినపుడు ఒకదాని నొకటి అణచుకొని చిన్నవగును. ఇట్లు పెద్దవరుస, చిన్నవరుస మారి మారి వచ్చును. చిన్నవరుస ఒక నిమిషమునకు మించి నిలువకపోవచ్చును. ఆ వ్యవధిలో తెప్ప కెరటములు విరుగు తావును దాటిపోవలెను. ఇన్నవ కెరటము పెద్దదని నిశ్చయించి చెప్పుటకు లెక్క ఏదియు లేదు. ఆనాటి సముద్రమును ఆనాడే చదువుకొనవలెను.

అతడు చూచుచున్నది మరియొకటి కలదు. విరిగిన కెరటములు ఒడ్డునకు మోసికొని వచ్చిన నీరు మరల లోనికి పోవలెను గదా! అది ఎల్లెడల సమానముగా పోదు. నీటిలోని ఇసుకదిబ్బకు గండిపడినచోట కాలువవలె ఒక్కటిగా చేరి వేగముగా లోనికి పారును. అచ్చట కెరటములు అంతగా విరుగవు. నీరు నల్లగా, నునుపుగా కనబడును. నురుగు ఒడ్డునుండి లోనికి కొట్టుకొనిపోవుచుండును. జాలరికి అది దారి. కాని స్నానమునకు దిగినవారికి అదియే మృత్యువు. నిదానముగా నున్నదని భ్రమపడి పట్టణములనుండి వచ్చిన పడుచువాండ్రు అచ్చటనే దిగుదురు. ఆ పాయలో చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదరాదు. ఎంత గజఈతగాడైనను అలసిపోవును. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదినచో ఆ పాయ వెడల్పు కొద్దిపాటిదే గనుక బయటపడవచ్చును. ఈ సంగతి తెలియక ఏటేట మన తీరమున ప్రాణములు పోవుచున్నవి గనుక, ప్రస్తుతము కాకున్నను ఇచ్చట చెప్పితిని.

ఇక తెప్ప సంగతి. తేలికజాతి కొయ్యదుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి, ముందొకచోట, వెనుకొకచోట మోకుతో బిగించి కట్టుదురు. ముందుకొన కొంచెము పైకి లేచియుండును. దానికి అంచులు లేవు, గర్భము లేదు, ఒక్క మేకును లేదు. తమిళులు దీనిని కట్టుమరమందురు. ఆంగ్లేయులు ఆ మాటనే మార్చి తమ భాషలో కాటమరాన్ అని చేర్చుకొనిరి. తెప్పమీద కూర్చున్న మనిషి నడుమువఱకు తడిసియే యుండును. చూచువారికి ఇంతకంటె మోటుసాధనము ఉండదని తోచును. నాకును అట్లే తోచినది. కాని పడవలోనికి కెరటము చొచ్చినచో నీరు నిండి మునుగును. తెప్పమీద పడిన నీరు దుంగల సందులనుండి జారిపోవును. మునుగుటకు దానిలో చోటే లేదు. నీరు త్రాగిన కొయ్య బరువెక్కును గనుక, వేట కాగానే మోకు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టుదురు.

ఇంతటి సముద్రములో వేటకు పోనేల అని మీరు అడుగవచ్చును. నాలుగు దినములు పొయ్యి రాజకుండుట మొదటి కారణము. కలకబారిన నీటిలో చేపకు వలదారము కనబడకుండుట రెండవది. వారు వేయు వల గోడవలె నీటిలో నిలుచును. పై అంచునకు బెండ్లు, క్రింది అంచునకు గుండ్లు కట్టియుండును. చేప తల కన్నులో దూరును. వెనుకకు తీసికొనబోగా దారము మొప్పలకు తగులుకొనును. తేటనీటిలో చేప దానిని చూచి తప్పుకొనవచ్చును. వాయుగుండము వెలిసిన మరునాటి వేటలో ఒక్కొక్కపుడు వారము దినముల కూలి వచ్చును. ఆశయు అపాయమును ఒక్కదినముననే వచ్చుట జాలరి జీవితములో సామాన్యము.

పెద్దవరుస విరిగి పోయెను. “తొయ్యండ్రా!” అని ముసలివాడు కేక వేసెను. అతడును, కొడుకులిద్దరును మొలలోతు నీటిలో తెప్పను పట్టుకొని, ముక్కు సరిగా కెరటమునకు ఎదురుగా నుంచి, పరుగెత్తి ఎగిరి కూర్చుండిరి. మూడు తెడ్లు ఒక్కసారి పడుచుండెను. దిబ్బకు అవతల ఒక కెరటము లేచెను. దాని శిరస్సు వంగకముందే తెప్ప పైకి ప్రాకి, ముందుభాగము గాలిలో నిలిచి, ఆవలకు జారెను. తరువాతిది తెప్పమీదనే విరిగెను. మువ్వురును బోరగిల పరుండి మోకు పట్టుకొనిరి. తెల్లని నురుగు తప్ప మాకేమియు కనబడలేదు. బాలుడు నా చేయి గట్టిగా పట్టుకొనెను. నురుగు చెదరినపుడు ఆ మూడు తలలును దిబ్బకు అవతల కనబడెను.

రెండవ తెప్పవారు పడుచువాండ్రు. ముసలివాడు దాటిపోవుట చూచి తొందరపడి, చిన్నవరుస చివర త్రోసిరి. తెప్ప ముక్కు కొంచెము ప్రక్కకు తిరిగెను. అంతే చాలినది. కెరటము దానిని అడ్డముగా పట్టి బోర్లించెను. అట్టివేళ మునిగిపోవుటకంటె దుంగ తలకు తగులుట పెద్ద అపాయము. ఒకడు దూరముగా మునిగి తేలెను. రెండవవాని భుజము విరిగినంత పని యయ్యెను. రెండు నెలలు అతడు తెడ్డు పట్టలేదు. మూడవ తెప్ప యజమాని తొమ్మిది గంటలవఱకు చూచి, నేడు వలదని తల త్రిప్పెను. ఇంట బియ్యము నిండుకొన్నవని అతని భార్య ప్రొద్దుటినుండి అనుచునే యున్నది. అయినను, మోకు పట్టి తెప్పను పైకి లాగుటకు అందరికంటె ముందు వచ్చినది ఆమెయే.

మధ్యాహ్నమయ్యెను. ముసలివాని తెప్ప కానరాలేదు. రెండు గంటలయ్యెను. ఒడ్డున నున్న స్త్రీలు మాటలు మానిరి. ఈ మాసములలో నైరృతి గాలి మన తీరము వెంబడి నీటిని ఈశాన్యమునకు నెట్టుచుండును. ఆ ఒరవడి తెలిసియే అతడు ఊరికి నైరృతి కొనన తెప్పను దింపెను. అయినను ఆనాడు ఒరవడి అతని లెక్కను మించినది. మూడు గంటలవేళ, ఊరికి ఉత్తరముగా రెండు మైళ్ల దూరమున తెప్ప కనబడెనని ఒక పసులకాపరి పరుగెత్తి వచ్చి చెప్పెను. మేమందరము ఆవలకు పోతిమి.

తిరిగి ఒడ్డు చేరుట పోవుటకంటె కష్టము. పోవునపుడు కెరటము ఎదురుగా కనబడును. వచ్చునపుడు అది వీపువెనుక నుండును. కెరటపు ముఖముమీద చిక్కినచో తెప్ప ముక్కు నీటిలో దిగబడి పల్టీకొట్టును. కావున అతడు కెరటములు విరుగు తావునకు వెలుపలనే ఆగి, పెద్దవరుసను పోనిచ్చి, దాని కడపటి కెరటపు వీపుమీద వచ్చెను. వెనుక కూర్చుండి తెడ్డును చుక్కానివలె నొక్కిపట్టి, తెప్ప కెరటమును మించి ముందుకు పోకుండ ఆపుచుండెను. ఇసుక తగులగానే అందరము కలిసి లాగితిమి. రెండు గంపల కవళ్లు, కొన్ని కానాగంతలు దొరికినవి. తెప్పకొక పాలు, వలకొక పాలు తీసి తక్కినది పంచుకొనిరి. భుజము నొచ్చినవాని ఇంటికిని కొన్ని చేపలు పోయినవి. ఎవరి పాలులోనుండి తీసిరో నేను గమనింపలేదు. స్త్రీలు గంపలు నెత్తిన పెట్టుకొని చీకటి పడకముందే భీమునిపట్టణపు సంతకు నడిచిపోయిరి.

నేడు దుంగల తెప్పలు అరుదైనవి. వాని స్థానమున మర బిగించిన ఫైబరు తెప్పలు వచ్చినవి. 1999లో హైదరాబాదున నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము కెరటముల ఎత్తును, అవి వచ్చు దిక్కును, చేపలు దొరకదగిన తావులను ముందుగానే తెలుపుచున్నది. తుపాను వేళల రేవులలో 1 మొదలు 11 వఱకు సంఖ్యలుగల ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు పెక్కు పల్లెలకు చాలినంత ముందుగా కబురు అందలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకుటకు కొన్ని దినములు ముందే జాలరులు హెచ్చరింపబడిరి. ఇది కొద్దిపాటి మేలు కాదు. అయినను ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు మరబోట్ల వేటకు నిషేధము ఉండుటచే, అది తీరిన వెంటనే వారికి ఎదురగునది వానకాలపు సముద్రమే. ఇసుక తగులు లోతులేని నీటిలో మరను త్రిప్పరాదు గనుక, ఆ తావును నేటికిని మర లేకయే దాటవలెను.

2019లో నేను మరల ఆ ఊరికి పోతిని. నన్ను ఆనాడు పిలిచిన బాలుడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. సొంత తెప్ప కలవాడు. తెల్లవారుజామున అతడు చేతిలోని ఫోనులో కెరటముల ఎత్తు చూచుకొని, దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మొలకు కట్టుకొనెను. పిమ్మట నీటి అంచునకు పోయి, పలుకక నిలిచి, కెరటములను లెక్కింప మొదలిడెను.