తల నెరిస్తే తలవంపా?

పత్తికాయ పగిలి తెల్లబడితే పంట చేతికొచ్చిందని సంతోషిస్తాం. మన తల తెల్లబడితే మాత్రం అద్దానికి మొహం చాటేస్తాం!

నిరుడు గుంటూరులో మా చిన్నమ్మాయి నిఖాకు నేనూ నల్లరంగు పూసుకున్నాను. తెల్లారేసరికి నుదురు వాచి, చెవుల వెనుక పొక్కులు లేచాయి. అటువంటి రంగుల్లో ఉండే పి.పి.డి. అనే రసాయనం నా ఒంటికి పడలేదన్నారు డాక్టరుగారు. వియ్యంకుల ముందు వయసు దాచబోయి, మొహమే దాచుకోవలసి వచ్చింది.

నెరిసిన వెంట్రుకలను పీకవద్దనీ, అవి విశ్వాసికి కాంతి అనీ దైవప్రవక్త (స) బోధించారు. క్రీ.శ. 630లో మక్కా విజయం నాడు హజ్రత్ అబూబకర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫాను తీసుకువచ్చినప్పుడు, ఆయన తెల్లజుట్టుకు రంగు మార్చమనీ, నలుపు మాత్రం వద్దనీ సెలవిచ్చారు. అంటే అలంకరణ తప్పు కాదు. కావాలనుకునేవారికి ఏమీ కలపని గోరింటాకు ఉండనే ఉంది. ‘నల్ల మెహందీ’ పొట్లాల్లోనూ పి.పి.డి. కలుస్తుంది, జాగ్రత్త!

1955లో ‘రోజులు మారాయి’తో వెండితెరకు వచ్చిన వహీదా రెహమాన్ 2023లో ఫాల్కే పురస్కారం అందుకున్నది తెల్లజుట్టుతోనే. ఆమె హుందాతనం ఏమైనా తగ్గిందా?

ఇప్పుడు నా గడ్డం తెల్లగానే ఉంది. దాన్ని పట్టుకుని మా మనవరాలు, ‘నానా, దూది!’ అని నవ్వుతుంది. అల్‌హందులిల్లాహ్!