చదవని కాగితం మీద సంతకం వద్దు

ఒడంబడిక అనే మాట మన కుటుంబాలకు కొత్తది కాదు. మారిషస్‌కు ఓడ ఎక్కిన మన పూర్వీకులలో చాలామంది తాము చదవలేని కాగితం మీద నిశానీ పెట్టినవారే. అక్కడ ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దానిని ‘డబుల్ కట్’ అనేవారు. 1867 చట్టం ప్రకారం, ఒడంబడిక ముగిసినవారు కూడా ఫొటో అంటించిన పాసు వెంట ఉంచుకోవాలి. అది లేనివారిని పోలీసులు పట్టుకొనేవారు. 1871లో వేలాదిమంది కూలీల తరఫున అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ గవర్నరుకు అర్జీ ఇచ్చారు. తరువాత రాయల్ కమిషన్ విచారణ జరిపింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది.

ఈనాడు ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుండి మనవారు గల్ఫ్ దేశాలకు పనికి పోతున్నారు. ఒమాన్‌లో ఉత్తర బాతినా తీరాన ఉన్న సహం వంటి ఊళ్ళలో ఉండే తెలుగువారు అక్కడి చట్టం తెలుసుకోవాలి. పనివారిని పెట్టుకొన్నవారికీ ఇది అవసరమే.

ఒమాన్‌లో ఇప్పుడు అమలులో ఉన్నది 2023 జూలైలో రాజశాసనం 53/2023 ద్వారా వచ్చిన కార్మిక చట్టం. దాని ప్రకారం ఒడంబడిక వ్రాతపూర్వకంగా, అరబ్బీలో ఉండాలి. వేరే భాషలో వ్రాస్తే అరబ్బీ ప్రతి జతచేయాలి. ఒక ప్రతి పనివానికి ఇవ్వాలి. విశ్రాంతి సమయం కాక, పని రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు మించరాదు. ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది. జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదు.

పాస్‌పోర్టు పనివానిది. అతని వ్రాతపూర్వక అంగీకారం లేనిదే యజమాని దానిని దగ్గర ఉంచుకోరాదు. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆ అంగీకారపత్రం మిగతా కాగితాలలో కలిసి వస్తే, చదవనివాడు దాని మీద కూడా సంతకం చేసేస్తాడు. అప్పుడు చట్టం ఇచ్చిన రక్షణను తన చేతితో తానే వదులుకొన్నట్లవుతుంది.

మూలవేతనం ఎంతో చూడండి. పొదుపు పథకం పరిధిలోకి రానివారికి ఉద్యోగం ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున గ్రాట్యుటీ రావాలి. దానిని లెక్కించేది మూలవేతనం మీదనే. భత్యాలు ఎక్కువ చూపి మూలవేతనం తగ్గిస్తే నెల జీతం బాగానే కనిపిస్తుంది, చివర చేతికి వచ్చే సొమ్ము మాత్రం తగ్గుతుంది.

యజమానులకు ఒక మాట. జీతం బ్యాంకు ద్వారా చెల్లించి, పనిగంటల లెక్క వ్రాసి ఉంచండి. తగవు వస్తే ఆ లెక్కే మీకు కూడా సాక్ష్యం.

తగవు తేలకపోతే పనివాడు ముందుగా కార్మిక మంత్రిత్వశాఖకు ఫిర్యాదు చేయాలి. అక్కడ రాజీ కుదరకపోతే విషయం కోర్టుకు పోతుంది. పనివాడు కోర్టు రుసుము కట్టనక్కరలేదు. ఇళ్ళలో పనిచేసేవారికి మాత్రం వేరే నిబంధనలున్నాయి. వారు వాటిని విడిగా అడిగి తెలుసుకోవాలి.

మీ బంధువులలో ఎవరైనా గల్ఫ్‌కు బయలుదేరుతుంటే, ఒడంబడికను తెలుగులో అర్థం చెప్పించుకొన్న తరువాతే సంతకం చేయమనండి. ఊరిలో సంతకం చేసిన కాగితం నకలు ఇంట్లో ఒకటి, చేతిలో ఒకటి ఉండాలి. అక్కడ దిగాక వేరే కాగితం చూపిస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడడానికి ఆ నకలే ఆధారం.