గోధుమ పడని బిడ్డ



నేను వైద్యుడను కాను. ఒక ఆడబిడ్డకు తండ్రిని మాత్రమే. గోదావరి తీరపు పల్లెలో పుట్టి, ఉద్యోగము కారణమున ఢిల్లీ నగరమున కొన్ని సంవత్సరములు కాపురముంటిని. అచ్చట మా అమ్మాయికి వచ్చిన జబ్బు ఏమిటో తెలిసికొనుటకు రెండేండ్లు పట్టినది. ఆ రెండేండ్లలో నేను పడిన చిక్కులను, చేసిన పొరపాటును నేడు మీకు మనవి చేయదలచితిని. ఇంటిలో పసిబిడ్డకు ఏది పెట్టవలెనో, ఏది కూడదో నిర్ణయించువారు తరచుగా తాతలును, అమ్మమ్మలును, నాయనమ్మలునే గదా! కావున ఈ మాటలు మీ చెవిని పడుట అవసరమని నా నమ్మకము.

మా అమ్మాయి ఏడాది నిండువరకు పుష్టిగానే యుండెను. పిమ్మట ఆ ప్రాంతపు అలవాటు ననుసరించి రొట్టెయు, గోధుమజావయు పెట్ట మొదలిడితిమి. కొన్ని మాసములకు మార్పు కానవచ్చెను. పొట్ట ముందుకు వచ్చినది. కాలుసేతులు పుల్లలవలె సన్నగిలినవి. దినమునకు నాలుగైదు విరేచనములు. అవి పాలిపోయి, జిడ్డుగా, దుర్వాసనతో నుండెడివి. ఆడుచు పాడుచు నుండెడి పిల్ల మూలను గూర్చుండి చిరచిరలాడసాగెను. నా భార్య ద్వారబంధముమీద పెన్సిలుతో బిడ్డ ఎత్తు గుర్తు పెట్టుచుండెడిది. ఎనిమిది మాసములు గడచినను ఆ గీతకు పైన మరియొక గీత గీయవలసిన అవసరము కలుగలేదు.

మేము చేయని ప్రయత్నము లేదు. నులిపురుగులకు మందు పోసితిమి. దిష్టి తీసితిమి. రక్తము తక్కువయని ఇనుము కలిసిన మందు నెలల తరబడి త్రాగించితిమి, రక్తము పెరుగలేదు. ‘అన్నములో ఏమి బలమున్నది? గోధుమ పెట్టుడు, మాల్టు పొడి పాలలో కలిపి యిండు’ అని బంధువులు చెప్పగా అట్లే చేసితిమి. మాల్టు అనునది సాధారణముగా మొలకెత్తించిన యవలతో చేయునది. తుదకు తేలినదేమనగా, బలమని మేము పెట్టుచున్నదే బిడ్డను క్రుంగదీయుచుండెను.

అది యెట్లో చెప్పెదను. గోధుమపిండి ముద్దను పలుచని గుడ్డలో కట్టి నీళ్లలో పిసికి చూడుడు. తెల్లని పిండిపాలు నీటిలో కలిసిపోవును. రబ్బరువలె సాగు జిగురుముద్ద చేతిలో మిగులును. దానినే గ్లూటెన్ అందురు. రొట్టెపిండి సాగుటకును, పులిసిన గోధుమపిండి పొంగి నిలుచుటకును అదియే ఆధారము. యవలలోను, రై అను ధాన్యములోను ఇటువంటి పదార్థమే కలదు. బియ్యములో ఈ జిగురు లేదు.

మన చిన్నప్రేగు లోపలి గోడకు, తువాలుమీది నూలుపోగులవలె, కంటికి కనబడనంత సన్నని మొలకలు ఉండును. ఆహారసారమును పీల్చి రక్తమునకు అందించునవి ఇవియే. కొందరు పుట్టుకతోనే ఒక విధమైన జన్యులక్షణము కలిగియుందురు. వారిలో కొందరికి గ్లూటెన్ లోనికి పోయినపుడు, శత్రువులను పారద్రోలవలసిన శరీర రక్షణశక్తి పొరబడి తన ప్రేగుగోడనే కొట్టును. మొలకలు అరిగి గోడ నునుపగును. అపుడు బిడ్డ ఎంత తిన్నను ఒంటబట్టదు. దీనికే సీలియాక్ వ్యాధియని పేరు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి చేసిన పాపము కాదు. విరేచనములే లేకుండ, ఎదుగుదల నిలిచిపోవుటయో, మందునకు లొంగని రక్తహీనతయో, మలబద్ధకమో మాత్రమే కనిపించు బిడ్డలును కలరు.

లండను వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధిని చక్కగా వర్ణించి, నయమగుట యన్నది ఉన్నచో అది ఆహారమువలననే యని ఊహించెను. ఏ ఆహారమో అతనికి తెలియదు. హాలెండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1930ల నాటికే గోధుమను అనుమానించెను. రెండవ ప్రపంచయుద్ధపు తుదిలో, 1944–45 శీతకాలమున, ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చి రొట్టె దుర్లభమయ్యెను. తక్కినవారు ఆకలితో చిక్కిపోవుచుండగా ఈ రోగపు పిల్లలు కుదుటపడుటయు, రొట్టె తిరిగి వచ్చినపుడు వారు మరల జబ్బుపడుటయు అతని అనుమానమును బలపరచెను. బిడ్డలకు ఏ ధాన్యము పెట్టిననాడు ఏమైనదో పోల్చి చూచి, 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన గ్రంథమున ఆ సంగతి వెల్లడించెను.

ఇక నా పొరపాటు వినుడు. పొరుగింటి పంజాబీ యిల్లాలు తన మేనల్లునికి ఇట్టి జబ్బే యుండెనని చెప్పినది. మరునాడే, ఎవ్వరినీ అడుగక, నేను గోధుమ మానిపించితిని. నెల తిరుగకమున్నే విరేచనములు తగ్గెను. రోగమును నేనే కనుగొంటినని గర్వించితిని. మూడు మాసములకు బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోగా వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న ఇది: ‘పరీక్ష అయిన పిమ్మట మానిపించితిరా, కాకమునుపేనా?’ నాకు నోట మాట రాలేదు.

ఈ వ్యాధికి ముందుగా టి.టి.జి. అను రక్తపరీక్ష చేయుదురు. అవసరమైనచో నోటిద్వారా సన్నని గొట్టము పంపి, ప్రేగుగోడనుండి చిన్న తునకలు తీసి చూతురు. ఈ రెండును గ్లూటెన్‌తో శరీరము చేయు పోరు మిగిల్చిన జాడలను వెదకునవే. గోధుమ మాన్పించిన కొలది ఆ జాడ చెరిగిపోవును. అపుడు ‘జబ్బు లేదు’ అని వచ్చిన ఫలితమును నమ్ముటకు వీలులేదు. మా బిడ్డ పరీక్ష అట్లే సందిగ్ధముగా వచ్చినది.

కావున బాగుపడిన బిడ్డకు మరల నా చేతులతోనే రొట్టె పెట్టవలసివచ్చెను. వారములు గడచుకొలది పొట్ట ఉబ్బెను. ‘నాన్నా, రొట్టె వద్దు, కడుపు నొప్పి’ అని అది ఏడ్చుచుండ, నేను ముక్కలు త్రుంచి నోట పెట్టితిని. ఆ దినములు తలచుకొన్నపుడు నేటికిని నా తల వంగును. ఆరు వారములు దాటిన పిమ్మట చేసిన పరీక్షలలో నిజము తేలెను.

‘మానిపించగా బాగైనది గదా, ఇంక పరీక్ష యెందుకు?’ అని మీరడుగవచ్చును. గోధుమ పడకపోవుటలో భేదములు కలవు. కొందరికి గోధుమ తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, ఆయాసము వచ్చును. అది వేరు జబ్బు. పాలలోని చక్కెర అరుగకపోయినను, ప్రేగులలో క్రిములు చేరినను విరేచనములు పట్టుకొనును. సీలియాక్ అని తేలినచో బ్రతుకంతయు పథ్యమే. అంతటి కట్టుబాటు ఊహమీద నిలువదు. ‘ఇప్పుడు బాగున్నది గదా’ అని నాలుగేండ్లకు విడిచిపెట్టుదురు. మరియు ఇది కుటుంబములలో నడచు జబ్బు గనుక తలిదండ్రులకును తోబుట్టువులకును పరీక్ష చేయించుట మేలు.

మన ప్రాంతమున ఇది అరుదు. మన దేశపు పెద్దవయసువారిలో జరిపి 2016లో ప్రకటించిన యొక పరిశీలనలో, ఉత్తర ప్రాంతమున నూటికి సుమారు ఒక్కరికిని, దక్షిణమున వేయికి సుమారు ఒక్కరికిని ఈ వ్యాధి కనబడెను. జన్యులక్షణము రెండుచోట్లను ఇంచుమించు సమానమే. గోధుమ వాడుకలో మాత్రము పెద్ద భేదము కనబడెను: అచ్చట దినమునకు సుమారు 455 గ్రాములు, ఇచ్చట 25. నేడు మన పల్లెలకును బ్రెడ్డు, బిస్కట్టు, సేమ్యా, పరోటా, రాత్రిపూట చపాతీ వచ్చినవి. గోధుమ చెడ్డ ధాన్యమని నేననుట లేదు. పడినవారు మానవలసిన పని లేదు. అరుదైన జబ్బు గనుక వైద్యునికి వెంటనే తోచకపోవచ్చును. ఎదుగని బిడ్డ యున్నచో ఈ పరీక్ష మాట మీరే అడుగుడని నా మనవి.

వ్యాధి తేలిన పిమ్మట పథ్యమే మందు. బియ్యము, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పులు, పాలు, గ్రుడ్లు, కూరగాయలు నిరపాయములు. అరిసెలు, సున్నుండలు తినవచ్చును. మైదాతో చేయు బొబ్బట్లు, కజ్జికాయలు, జిలేబి కూడవు. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు. చీటీ చదివి కొనవలెను. పూరీలు వేగిన నూనెలో బిడ్డకు గారెలు వేయరాదు. గోధుమ పట్టిన పిండిమరలో వెంటనే బిడ్డకు జొన్నలు పట్టించరాదు.

‘కొంచెమే గదా, ఏమగును?’ అను మాట ఈ బిడ్డలకు శత్రువు. 2007లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరీక్షలో, దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు మాసములు పుచ్చుకొన్న రోగులకు ప్రేగుగోడ చెడుట కనబడెను. అది చిన్న రొట్టెతునకలో నుండు పాటిది. బిడ్డ ఏడువకపోయినను, విరేచనము కాకపోయినను, లోపల చెరుపు జరుగుచునే యుండవచ్చును.

ఈ సంగతి మా తల్లిగారికి బోధపరచుట అన్నింటికంటె కష్టమయ్యెను. మా ఊరిలో సత్యనారాయణ వ్రతమునాడు ఆమె గోధుమరవ్వ ప్రసాదము చిటికెడు మనుమరాలి నోట వేసినది. ‘దేవుని ప్రసాదము కీడు చేయునా?’ అనినది. ఆ రాత్రి బిడ్డ వాంతులు చేసికొన్నది. నేను ఆమెను ఒక్క మాటయు అనలేదు. అంతకుమునుపు బలమని రెండేండ్లు పెట్టినవాడను నేనే గదా! తెల్లవారినపిదప ప్రక్కను గూర్చుండి, మీకు నేడు చెప్పినదంతయు ఆమెకు చెప్పితిని.

మరుసటి యేట వ్రతమునకు ఆమె బియ్యపురవ్వతో ప్రసాదము చేసినది. మనుమరాలికి వేరుగా కాదు. ఊరివారందరికిని అదియే పంచినది. ద్వారబంధముమీది గీతలు ఇపుడు ఏటేట పైకి పోవుచున్నవి.